పెరటి ఉత్తరాలు: యాపిల్ చెట్టు కింద ఏం వేయమంటారు?

ప్రశ్న: మాది గుంటూరు కొరిటెపాడు. ఇంగ్లండులో లీడ్స్ ఊరి శివారున మా అమ్మాయి ఇల్లు కొనుక్కుంది. వెనక దొడ్లో రెండు యాపిల్ చెట్లు, ఒక ప్లమ్ చెట్టు. యాపిల్ చెట్లలో ఒకటి ముసలిది, ఇంకోటి నిరుడు నాటింది. చుట్టూ గడ్డే. ఏప్రిల్‌లో వెళ్లి ఆర్నెల్లు ఉంటాను. చెట్ల కింద తోడు మొక్కలు వేస్తే పురుగు తగ్గుతుంది, కాపు పెరుగుతుంది అంటూ అమ్మాయి ఒక జాబితా పంపింది: చైవ్స్ (సన్న ఉల్లికాడల్లాంటి మొక్క), కాంఫ్రీ (ఎరువుకు కోసే ఆకు మొక్క), నాస్టర్షియం (పూల మొక్క), తెల్ల క్లోవర్ (నేల మీద పరుచుకునే చిక్కుడుజాతి మొక్క). ఇందులో నమ్మదగ్గది ఎంత? మన గోంగూర, తోటకూర విత్తనాలు పట్టుకెళ్లనా?

జవాబు: అమ్మా, మా అబ్బాయి ఉద్యోగం హిమాచల్‌లోని కులూలో ఉన్న నాలుగేళ్లలో మూడు వసంతాలు నేను అక్కడే ఉన్నాను. అద్దె ఇంటి వెనక పదకొండు యాపిల్ చెట్లుండేవి. గోరంట్ల దొడ్లో మామిడి, సపోటా, జామ తప్ప ఎరగనిదాన్ని. జనవరిలో ఆ చెట్లకు ఒక్క ఆకైనా లేకపోతే ఎండిపోయాయనుకొని బాధపడ్డాను. ఇంటి పెద్దావిడ ఒక సన్న కొమ్మ బెరడును గోటితో గీరి, లోపలి పచ్చదనం చూపించింది. పడుకుంది, పడుకోనివ్వు అంది.

మీ జాబితా ముట్టుకునే ముందు ఆ నిద్ర సంగతి తెలుసుకోవాలి. డెలీషియస్ లాంటి యాపిల్ రకాలకు 7 డిగ్రీల లోపు చలి దాదాపు వెయ్యి గంటలు తగిలితేగానీ మొగ్గ సరిగ్గా విచ్చదు. లేచాక పూత, పిందె, కాయ, మళ్లీ వచ్చే ఏటి పూమొగ్గ, అన్నీ ఆ వెచ్చని ఆర్నెల్లలోనే అయిపోవాలి. మీరు ఉండేది సరిగ్గా ఆ ఆర్నెల్లే. అందుకని నెలల వరసలో చెబుతాను.

వెళ్లగానే ఏదీ నాటకండి. ముందు ఆ చిన్న చెట్టు దగ్గర కూర్చొని, మొదలు చుట్టూ అన్ని వైపులా గజం మేర గడ్డి పీకేయండి. కులూలో చెట్టు పాదును తౌలియా అంటారు. చలికాలంలో ఆ తౌలియాలు తవ్వి, గడ్డి తీసి, పశువుల ఎరువు వేస్తారు. రాజ్మా, బఠాణీ, వెల్లుల్లి వేసేది చెట్ల వరసల మధ్య ఖాళీలో. చిన్న చెట్టు వేళ్లు పైపైనే ఉంటాయి. దాని నోటి దగ్గరి నీళ్లు, నత్రజని గడ్డి లాగేసుకుంటుంది. నాటిన మూడు నాలుగేళ్ల దాకా యాపిల్‌కు గడ్డిని మించిన శత్రువు లేదని నేను నమ్ముతాను. ముసలి చెట్టుకు ఆ బాధ లేదు, దాని కింద గడ్డి ఉన్నా తట్టుకుంటుంది. గడ్డి పీకిన చోట కంపోస్టో చెక్క పొట్టో మూడంగుళాల మందాన పరవండి. బెరడుకు మాత్రం తగలనివ్వకండి, బెత్తెడు ఎడం ఉంచండి. తడి పట్టుకొని ఉంటే మొదలు కుళ్లుతుంది. అంటు కట్టిన ముడి కూడా మట్టిలో కూరుకోకూడదు.

మీరు వెళ్లేసరికి దొడ్లో డాఫడిల్స్ పసుపుపచ్చగా పూసి ఉండవచ్చు. అక్కడివాళ్లు చెట్ల కింద ఆ దుంపలు కావాలనే పెడతారు, విషం కాబట్టి ఎలుకజాతి జీవాలు, జింకలు ముట్టవు. ఈ సంగతి మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. దాని దుంప అచ్చం ఉల్లిపాయలా ఉంటుంది, ఆకు ఉల్లికాడలా ఉంటుంది. పప్పులోకి నాలుగు కాడలు కోసుకొద్దామని చెయ్యి పెట్టేరు. నలిపి వాసన చూడండి. ఉల్లి వాసన లేకపోతే ముట్టుకోకండి. చైవ్స్, డాఫడిల్స్ పక్కపక్కన ఎప్పుడూ నాటవద్దని అమ్మాయికి కూడా చెప్పండి.

ఇక ఏప్రిల్ చివర, మే నెలల్లో పూత. యాపిల్‌కు తన రకం పుప్పొడి చాలదు, అదే సమయంలో పూసే ఇంకో రకం దగ్గర్లో ఉండాలి. మీ అమ్మాయికి రెండు చెట్లున్నాయి, అవి రెండూ వేరు రకాలో కాదో కనుక్కోండి. కులూలో పూత రోజుల్లో తేనెటీగల పెట్టెలు అద్దెకు తెచ్చి తోటల్లో పెడతారు. చలిగా ఉంటే తేనెటీగ బయటికి రాదు. ఒళ్లంతా నూగుతో, బొద్దుగా ఉండే బంబుల్ బీ మాత్రం ఆ చలిలోనూ తిరుగుతుంది. ఇంగ్లండులో అదే మీకు పెద్ద దిక్కు. తోడు మొక్కల అసలు ఉపయోగం ఇక్కడుంది. యాపిల్ పూత ఉండేది రెండు మూడు వారాలు. ఆ ముందూ వెనకా ఈ తేనెటీగలకు, బంబుల్ బీలకు తిండి ఉంటేనే అవి మీ దొడ్డిని వదలవు. మేలో పూసే చైవ్స్, కాంఫ్రీ, ఆ తర్వాత క్లోవర్ ఆ పని చేస్తాయి.

జాబితాలో లేనిదీ, నేను అన్నిటికంటే ముందు వేయమనేదీ మన ధనియాలు. ఏప్రిల్‌లో చల్లండి. ఆ చల్లదనానికి కొత్తిమీర చక్కగా వస్తుంది, వేసవిలో అక్కడ పగళ్లు చాలా పొడుగు కాబట్టి తొందరగా పూతకు కూడా వస్తుంది. సగం కోసుకోండి, సగం పూయనివ్వండి. రబీలో మన నల్లరేగడి చేలల్లో ధనియాలు పూసినప్పుడు ఆ చేను పక్కన నిలబడితే ఒకటే రొద కదా, ఆ పూలకు అంత బలం. సిర్ఫిడ్ ఈగ అని కందిరీగలా చారలుండి, గాల్లో ఒకేచోట నిలిచి ఆడే ఈగ ఉంటుంది. దాని నోరు పొట్టి, లోతైన పూలల్లోకి అందదు. ధనియం, సోపు, వాము లాంటి గొడుగు పూలలో తేనె పైనే ఉంటుంది కాబట్టి తాగగలదు. తాగి పేనుబంక గుంపుల పక్కన గుడ్లు పెడుతుంది. వాటిలోంచి వచ్చే పిల్లపురుగు కాళ్లు లేకుండా, జలగలా ఉండి పేనుబంకను తింటుంది. యాపిల్ చిగురు ముడుచుకుంటే విప్పి చూడండి. లోపల పేనుబంకతో పాటు ఇలాంటిది ఒక్కటి కనబడినా ఏ మందూ కొట్టవద్దు.

నాస్టర్షియం మంచు పోయాక, మే చివర వేయండి, ముందు వేస్తే చస్తుంది. యాపిల్ పేనుబంకను ఇది తన వైపు లాక్కుంటుందని రాస్తుంటారు. నేను ఆ మాట మీద ఆధారపడను. నాస్టర్షియం మీద చేరే నల్ల పేనుబంక వేరు, యాపిల్ ఆకును ముడిచేది వేరు. అయితే ఆ నల్లదాన్ని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. వచ్చినవి యాపిల్ మీదికి కూడా పోతాయి. నాకు ఆ లాభం చాలు. పైగా దాని ఆకు ఆవ ఘాటుతో ఉంటుంది, పచ్చడికి పనికొస్తుంది.

కాంఫ్రీ గురించి రెండు జాగ్రత్తలు. దీని వేరు లోతుకు పోతుంది, ఆకులో పొటాష్ ఎక్కువ. ఏడాదిలో మూడు నాలుగు సార్లు కోసి పాదులో పరిస్తే కుళ్లి మంచి ఎరువవుతుంది. 1950లలో లారెన్స్ హిల్స్ అనే ఆయన ఎసెక్స్‌లోని బాకింగ్ అనే ఊళ్లో రకరకాల కాంఫ్రీలు పెంచి చూసి, విత్తనం కట్టని రకం ఒకటి ఎంచాడు. దాన్ని బాకింగ్ 14 అంటారు, అదే అడగండి. ఒకసారి పెట్టిన చోట తవ్వకండి, తెగిన ప్రతి వేరు ముక్కా మళ్లీ మొలుస్తుంది. రెండోది, ఆకులు కొత్తగా కనబడితే పప్పులో వేద్దామనిపిస్తుంది మనకు. ఇది కాలేయానికి చెరుపు, వండవద్దు.

చైవ్స్ వేస్తే యాపిల్‌కు స్కాబ్ మచ్చ తెగులు రాదంటారు. చైవ్స్ వేయండి, పూలు అందంగా ఉంటాయి, కాడలు తినవచ్చు. కాని స్కాబ్ బీజాలు చలికాలమంతా రాలిన ఆకుల్లోనే దాక్కుంటాయి. ఆకులు రాలే కాలానికి మీరు తిరిగి వచ్చేస్తారు కాబట్టి, రాలినవన్నీ ఊడ్చి తీసేయమని అమ్మాయికి గట్టిగా చెప్పి రండి. క్లోవర్ ముసలి చెట్టు కిందే చల్లండి. నేలకు నత్రజని ఇస్తుంది గానీ, చిన్న చెట్టు మొదట్లో అదీ గడ్డిలాగే నీళ్లకు పోటీ పడుతుంది.

జూన్‌లో పిందెలు జలజలా రాలితే కంగారు పడకండి. మామిడి పిందె రాలినట్టే, మోయగలిగినన్ని ఉంచుకొని మిగతావి వదిలేస్తుంది. ప్లమ్ కొమ్మలు ఎండాకాలంలోనే కత్తిరించాలి. చలికాలంలో కోస్తే సిల్వర్ లీఫ్ అనే తెగులు ఆ గాయాల్లోంచి లోపలికి పోతుంది.

గోంగూర అక్కడ బయట రాదమ్మా, దానికి వేడి కావాలి. ఎండ పడే కిటికీ దగ్గర కుండీలో నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. తోటకూర జూన్ నుంచి వస్తుంది. మెంతికూర ఇక్కడికంటే అక్కడే బాగుంటుంది. విత్తనాలు మాత్రం సంచిలో వేసుకొని పోకండి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేని విత్తనాలను చాలా దేశాలు రానివ్వవు. అన్నీ అక్కడే కొనుక్కోండి.

ప్రశ్న: విజయవాడ పటమటలో మాకు ఇంటి వెనక పన్నెండేళ్ల బంగినపల్లి మామిడి ఉంది. తోడు మొక్కల గురించి చదివి నర్సరీ నుంచి లావెండర్, చైవ్స్, నాస్టర్షియం తెచ్చి చెట్టు కింద వేశాను. మే నెలకల్లా ఒక్కటీ మిగల్లేదు. రోజూ నీళ్లు పోశాను కూడా. పోయినేడు పూత కూడా సరిగ్గా రాలేదు. రెండిటికీ సంబంధం ఉందా?

జవాబు: ఉందండీ. పోయిన మొక్కల మాట అటుంచండి, బెజవాడ మే ఎండకు అవి ఆగవు. నన్ను కలవరపెట్టింది మీరు రాసిన ఆ రోజూ నీళ్లే.

నేనూ ఇదే పొరపాటు చేశాను. దుగ్గిరాల నుంచి పసుపు కొమ్ములు తెచ్చి మా కాపు మామిడి కింద జూన్‌లో పెట్టాను. పసుపు బ్రహ్మాండంగా వచ్చింది. దానికి డిసెంబరు దాకా తడి కావాలి కాబట్టి నీళ్లు కడుతూనే ఉన్నాను. సంక్రాంతికి ఊళ్లో మామిళ్లన్నీ పూత మీదున్నాయి. మా చెట్టు మాత్రం రాగి రంగు లేత చిగురుతో నిండిపోయింది. ఇంటికొచ్చినవాళ్లు ఎంత బాగుందో అన్నారు, నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ ఏడు మనవళ్లకు కాయలు కొని పెట్టాను.

కులూలో యాపిల్‌ను చలి పడుకోబెడుతుంది. ఇక్కడ మామిడిని పడుకోబెట్టేది నేల ఎండటం, దానికి తోడు కాస్త రాత్రి చల్లదనం. వానలు వెనకబట్టాక, అక్టోబరు చివరి నుంచి కాపు చెట్టుకు నీళ్లు కట్టడం ఆపేయాలి. పూత వచ్చి, పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ మొదలుపెట్టాలి. ఆ మధ్యలో నీళ్లో యూరియానో తగిలితే పూత బదులు చిగురేస్తుంది. కాబట్టి మామిడి కింద ఏది వేసినా ఆ రెండు మూడు నెలలు నీళ్లు అడగనిదై ఉండాలి. ఏ జాబితా చూసినా ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి.

చలి దేశాల మొక్కల పేర్లు వదిలేసి, అవి అక్కడ చేసే పని చూడండి. క్లోవర్ పని మన దగ్గర అలసంద, జనుము, జీలుగ, పిల్లిపెసర చేస్తాయి. కృష్ణా, గుంటూరు డెల్టాల్లో వరి కోశాక పిల్లిపెసర చల్లడం మీరు చూసే ఉంటారు. కాయలు కోశాక జూన్‌లో తొలకరి పడగానే చెట్టు నీడ అంచున అలసందో జనుమో చల్లండి. నలభై అయిదు రోజులకు పూతకొస్తుంది, అప్పుడు కోసి అక్కడే పరిచేయండి. కాంఫ్రీ పనికి గ్లిరిసిడియా ఉంది. గోడ వార రెండు కొమ్మలు గుచ్చితే చాలు, నరికిన కొద్దీ ఆకు ఇస్తుంది. కానుగ ఆకైనా సరే. మామిడి ఆకులు ఊడ్చి తగలబెట్టకండి, వేసవిలో వేళ్లకు అవే గొడుగు.

చైవ్స్, లావెండర్ స్థానంలో ఇక్కడా ధనియాలే చెబుతాను. నల్లరేగడిలో వాన తడి మిగిలి ఉండగా అక్టోబరు చివర, నవంబరు మొదట్లో చల్లితే ఆ పదునుతోనే పైరు వచ్చేస్తుంది, మీరు నీళ్లు పెట్టక్కర్లేదు. జనవరికి పూస్తుంది. అప్పుడే మామిడీ పూస్తుంది. మామిడి పూతలో పరాగం మోసేది ఎక్కువగా ఈగలే. ఆ సిర్ఫిడ్ ఈగలు ధనియాల పూలకు వచ్చి మామిడి పూతకు పోతాయి, అక్కడి నుంచి ఇక్కడికి వస్తాయి. నీడలో వేస్తే పూయవు, కొమ్మల అంచు దాటి ఎండ పడే చోట చల్లండి. పూత మీద ఉన్నప్పుడు మాత్రం పురుగుమందు కొట్టకూడదు.

ఒకటి నిక్కచ్చిగా చెప్పాలి. మామిడి పూతను పాడుచేసే తేనెమంచు పురుగుకు ఏ తోడు మొక్కా మందు కాదు. గుబురుగా, చీకటిగా ఉన్న చెట్టంటే దానికి ఇష్టం. కాయ కోశాక లోపలి కొమ్మలు తీయించి, మధ్యాహ్నం చెట్టు కింద నేల మీద ఎండ చుక్కలు పడేటట్టు చేయండి.

పసుపు, కంద మీకు ఇష్టమైతే కొబ్బరి కిందో సపోటా కిందో పెట్టుకోండి, వాటికి ఏడాది పొడుగునా తడి ఉన్నా ఇబ్బంది లేదు.

ప్రశ్న: గుంటూరు శివారున మా దొడ్లో నాలుగేళ్ల జామ చెట్లు ఆరు. రెండు పసుపుబారి ఎండిపోతున్నాయి. వేళ్ల నిండా బుడిపెలు. చెట్ల మధ్య వంగ, టమాటా, బెండ వేస్తుంటాం. బంతి వేస్తే నులిపురుగులు పోతాయంటున్నారు, నిజమా?

జవాబు: బంతి వేరులో నులిపురుగులను చంపే పదార్థం ఉంది, ఆ మాట నిజం. కాని చెట్టుకు ఒక మొక్క పెడితే పని కాదు. వేరున్నంత మేరే దాని బలం. పాదు అంచు నుంచి మధ్య ఖాళీ అంతా ఒత్తుగా వేసి, రెండు మూడు నెలలు ఎదగనిచ్చి, ఆ తర్వాత అక్కడే కలియదున్నాలి. దసరా, దీపావళికి పూలు కూడా వస్తాయి.

అంతకంటే ముందు వంగ, టమాటా, బెండ ఆపేయండి. ఆ మూడూ నులిపురుగుకు మంచి మేత. మీరు జామను కాపాడుతూ పక్కనే దాని శత్రువును మేపుతున్నారు. పాదుల్లో వేపపిండి వేయండి. ఎండిపోతున్న రెండు చెట్ల మీద ఆశ పెట్టుకోకండి, వేళ్లతో సహా తీసి కాల్చేయండి. మిగతా నాలుగిటి కోసమే ఈ శ్రమంతా. కొత్త మొక్క కొనేటప్పుడు సంచి చింపి వేళ్లు చూపించమనండి. నేను ఒకసారి మొహమాటపడి చూడకుండా తెచ్చి, బుడిపెలను మా మట్టిలోకి నేనే తెచ్చుకున్నాను.

మిరప చేలల్లో మీరు బంతి, ఆముదం ఎర పంటగా చూసి ఉంటారు. అది వేరే పని. అక్కడ ఆముదం ఆకు మీద పొగాకు లద్దెపురుగు గుంపుగా పెట్టిన గుడ్లను ఏరి పారేస్తారు. ఏరేవాళ్లు లేకపోతే ఆముదం వేయకపోవడమే మేలు, అదే పురుగులను పెంచి మిరప మీదికి తోలుతుంది.

ప్రశ్న: మామిడి పక్కనే జామ ఉంది. రెండిట్లోనూ కాయ కోస్తే పురుగు. కాకర పాదు కూడా మామిడికి ఎక్కించాను, దానివల్లేనా? (విజయవాడ, గుణదల)

జవాబు: కాకర ఈగ వేరు, మామిడి, జామల్లో గుడ్లు పెట్టే పండు ఈగ వేరు. కాకరను ఆ నింద నుంచి తప్పించండి. అయినా మామిడి మీద నుంచి దించేయండి, ఆకులకు వెలుతురు అడ్డం. అసలు దోషం కింద రాలిన జామకాయలది. రోజూ ఏరి, మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో ఎండలో పడేయండి, లేదా మోకాలి లోతు గుంతలో పూడ్చండి. తులసి ఆకులో ఉండే మిథైల్ యూజెనాల్ ఈ ఈగల్లో మగవాటిని పిలుస్తుంది. గుప్పెడు తులసి నలిపి, కాస్త బెల్లం, పురుగుమందు చుక్క కలిపిన నీళ్లలో వేసి, కొబ్బరి చిప్పలో పోసి కొమ్మకు వేలాడదీయండి. పిల్లలకు అందనంత ఎత్తున కట్టండి, వారానికోసారి మార్చండి.

ప్రశ్న: మా వీధిలోకి బండి మీద యాపిల్ మొక్కలు తెస్తున్నారు. వేడికి కూడా కాస్తుందంటున్నారు. కొనమంటారా? (విజయవాడ, సత్యనారాయణపురం)

జవాబు: తక్కువ చలితో కాసే రకాలు ఉన్నమాట నిజమే. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ గారు అలాంటి రకం ఒకటి తెచ్చారు, హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అని. 2025లో ఆయనకు పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆ కష్టం మీద నాకు గౌరవం ఉంది. కాని బండి మీదున్నది ఆ రకమో కాదో ఆకు చూసి మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. సత్యనారాయణపురంలో జనవరి రాత్రికైనా 7 డిగ్రీల ఊసే లేదు. ఉన్న ఒక్క గుంతలో సీతాఫలం పెట్టండి. ఎండకు ఆకు రాల్చి అదే నిద్రపోతుంది, తొలకరికి అదే లేస్తుంది. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక నాటండి, చుట్టూ నాలుగు అలసంద గింజలు వేయండి.